క్యూ అమ్మబడును

డాలస్‌లోనో ఎడిసన్‌లోనో ఉండే తెలుగు తండ్రి ఇల్లు కొనేటప్పుడు నాలుగిళ్ళు చూసి, ఐదోదానికి తూర్పు గుమ్మం ఉందని సంతకం పెట్టేస్తాడు. ఉద్యోగం మారేటప్పుడు ఒక రాత్రి ఆలోచిస్తాడు. పెళ్ళికి అదీ లేదు, ఆ ఆలోచనేదో వాళ్ళమ్మ చేసింది. పిల్లల్ని ఓర్లాండో తీసుకెళ్దాం అనుకున్న క్షణం నుంచి మాత్రం ఆ మనిషి మనిషి కాడు. ఎక్సెల్ షీటు తెరుస్తాడు. విమానాలకొక ట్యాబు, కిసిమ్మీలో అద్దె ఇంటికొకటి, రైడ్లకొకటి, ఏ రైడు దిగాక ఏ రైడుకి ఎంత దూరం నడవాలో దానికొకటి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు. మేనేజరు పది మెయిళ్ళు పెట్టినా కదలని స్టేటస్ రిపోర్టు ఇక్కడ రాత్రికి రాత్రే తయారు. ఇంత హంగామా ఎవరికోసమయ్యా అంటే, ఒకడికి నాలుగేళ్ళు, ఒకత్తెకు రెండేళ్ళ పదకొండు నెలలు.

ఆ పదకొండు నెలలు కాకతాళీయం కాదు. డిస్నీ వరల్డ్‌లో మూడేళ్ళ లోపు పిల్లలకు టికెట్టు లేదు. మూడు నిండాయా, కొనాల్సిందే, అదీ పెద్దవాళ్ళ ధర కంటే ఏదో కాస్త తక్కువకి. తొమ్మిదేళ్ళ దాకా బాల్యం. పదో పుట్టినరోజున పిల్లాడు కంపెనీ లెక్కలో పెద్దమనిషైపోతాడు. అందుకని మూడో పుట్టినరోజుకి ముందు వారమే ముహూర్తం. తాతయ్యా నానమ్మా విజిటర్ వీసా మీద సరిగ్గా ఆ తేదీలకే దిగుతారు. పిల్ల టికెట్టు మిగిలిందని ఇంటిల్లిపాదీ సంబరపడతారు. దాన్ని మిగల్చడానికి పెద్దవాళ్ళవి నాలుగు, పిల్లాడిది ఒకటి కొన్న సంగతి వేరే ట్యాబులో ఉంటుంది, ఆ ట్యాబు ఎవరూ తెరవరు. రేపు గుర్తుండనివాళ్ళ దగ్గర డబ్బు పుచ్చుకోవడం పాపమని ఆ కంపెనీ అనుకుని ఉంటుంది. ఎంత ధర్మబుద్ధి!

ధర్మబుద్ధి మొదటి నుంచీ ఉన్నదే. 1960ల నడుమ ఫ్లోరిడాలో బురదనేలలూ పశువుల బీళ్ళూ ఉన్నచోట, ఎన్నడూ వినని పేర్లతో కంపెనీలు పుట్టుకొచ్చి భూములు కొనడం మొదలెట్టాయి. ఎకరం కాస్త అటూ ఇటూగా 180 డాలర్లు. కొంటూ కొంటూ 27 వేల ఎకరాలు దాటించాయి. వెనకున్నది వాల్ట్ డిస్నీ అని 1965 అక్టోబరులో ఓర్లాండో పత్రిక బయటపెట్టిందో లేదో, చుట్టుపక్కల రేట్లు చుక్కల్లోకి వెళ్ళిపోయాయి. రింగు రోడ్డు గీత గీయకముందే ఎవరెవరికి కల వచ్చిందో అన్న ముచ్చట్లు వింటూ పెరిగినవాడికి ఈ కథలో కొత్తేముంది? ఒక్కటే కొత్త. మన బినామీలు స్థలం కొని ఊరుకుంటారు. వీళ్ళు 1967లో చట్టసభ చేత తమ భూమికి తమదే స్థానిక ప్రభుత్వం అనిపించుకున్నారు. రోడ్లూ మురుగుకాలవలూ సరే, మనసైతే అణు విద్యుత్ కేంద్రం కట్టుకోవచ్చని కూడా ఆ చట్టంలో రాయించుకున్నారు. ఆ పాలకమండలి పగ్గాలు రాష్ట్రం చేతికొచ్చింది 2023లో. ఎలుక బొమ్మ గుర్తు మీద యాభై అయిదేళ్ళు దాటి ఏలడం ఏ పార్టీకీ చేతకాలేదు.

1971 అక్టోబరు 1న గేట్లు తెరిచినప్పుడు పెద్దవాళ్ళకి ప్రవేశం మూడున్నర డాలర్లు, రైడ్లకి కూపన్లు వేరు. 2025 క్రిస్మస్ వారంలో అక్కడి మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కు గేటు ఒక్కరోజు దాటడానికి 199 డాలర్లు. ధరలు పెరగడం లోకంలో ఉన్నదే, దానికోసం కలం తీయక్కర్లేదు. అసలు పనితనం గేటు దాటాక ఉంది. ఆ 199కి దొరికేది రైడు కాదు, రైడు ముందు నిలబడే హక్కు. నిలబడకుండా వెళ్ళే హక్కు పక్క కౌంటర్లో అమ్ముతారు.

దీన్ని ఒక్కరోజులో చెయ్యలేదు. 1999లో ఫాస్ట్‌పాస్ అని పెట్టారు. ఫలానా గంటకి రండి, ఈలోగా తిరగండి అని చీటీ ఇచ్చేవారు, పైసా పుచ్చుకునేవారు కాదు. జనం క్యూ తప్పించుకోవడం రుచి మరిగారు. వాళ్ళు మరిగాక, 2021 అక్టోబరులో జీనీ ప్లస్ అన్నారు, మనిషికి రోజుకి పదిహేను డాలర్లన్నారు. 2024 జులైలో దాన్నే లైట్నింగ్ లేన్ మల్టీ పాస్ అన్నారు. జనం బాగా ఎగబడే ఒకటి రెండు రైడ్లను అందులోంచి తప్పించి సింగిల్ పాస్ అని విడిగా తూకం వేశారు. ఆ ఏడాది చివర్లోనే ప్రీమియర్ పాస్ దించారు. గంట చూసుకోనక్కర్లేదు, ఎప్పుడైనా వెళ్ళి ఒక్కో రైడూ ఒక్కోసారి ఎక్కొచ్చు. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో రద్దీ రోజున దాని ధర మనిషికి 449 డాలర్ల దాకా పలికింది. గేటు టికెట్టు అందులో కలవదు. మన ఐదుగురికి 2,245 డాలర్లు, ఒక్కరోజుకి, నిలబడకుండా ఉన్నందుకు. ఆఫీసులో ఎనిమిది గంటలు కూర్చున్నందుకు వచ్చే జీతం ఇక్కడ నిలబడనందుకు సరిపోవడం లేదు.

ఇందులో మెచ్చుకోవలసిన గణితం ఉంది. రెండు వరసలూ రైడు దగ్గర ఒకచోట కలుస్తాయి. ఆ మలుపులో నించున్న కుర్రాడు డబ్బు కట్టిన వరసలోంచి గుంపుల్ని వదులుతాడు, కట్టని వరసలోంచి అడపాదడపా ఒక కుటుంబాన్ని. కట్టినవాళ్ళు పెరిగినకొద్దీ కట్టనివాళ్ళ వరస కదలదు. అది కదలకపోవడం చూసి మరికొందరు కడతారు. ఏ వ్యాపారంలోనైనా సరుకు చెడితే గిరాకీ పడిపోతుంది. ఇక్కడ మామూలు టికెట్టు ఎంత చెడితే పక్క టికెట్టు అంత అమ్ముడుపోతుంది. క్యూ వాళ్ళకి సమస్య కాదు, పంట.

క్యూ సంగతి మనకి ఇంకొకరు నేర్పాలా? వైకుంఠం కాంప్లెక్స్‌లో కంపార్ట్‌మెంటు తలుపు తీసిన చప్పుడుకి నిద్దట్లోంచి లేచి పరిగెత్తిన జాతి మనది. సర్వదర్శనం, మూడు వందల రూపాయల దర్శనం, శ్రీవాణికి పదివేలిస్తే బ్రేక్ దర్శనం, ఈ మెట్లన్నీ మనం ఎక్కినవే. కాకపోతే కొండ మీద ఉచిత వరసలో కూర్చున్నవాడికి పాలిస్తారు, ఉప్మా పెడతారు, చివర్లో చేతిలో లడ్డూ పెడతారు. పైగా లోపల ఉన్నది దేవుడు. ఇక్కడ వరస చివర ఉన్నది రెండున్నర నిమిషాల గనిబండి. దిగగానే తలుపు తెరుచుకునేది చాలాచోట్ల అదే బొమ్మలమ్మే కొట్లోకి. నాలుగేళ్ళవాడు ఆ కొట్లో నేల మీద పడి దొర్లడం షీటులో ఏ రంగులోనూ లేదు.

డబ్బు కట్టి బయటపడదామన్నా అంత సులువు కాదు. ఆ పాసు ఉదయం ఏడింటికి, తూర్పు తీరం గడియారం ప్రకారం, విడుదలవుతుంది. డిస్నీ వాళ్ళ హోటల్లో దిగేవాళ్ళకి వారం ముందు, బయట దిగేవాళ్ళకి మూడు రోజుల ముందు. డాలస్‌లో ఉన్నవాడు ఆరింటికి లేవాలి. ఫ్రీమాంట్‌లో ఉన్నవాడు నాలుగింటికి. పిల్ల పుట్టిన ఏడాదంతా రాత్రి పాలసీసా ఎక్కడుంటుందో తెలియని మనిషి, ఆ తెల్లవారుజామున మాత్రం అలారం మోగకముందే లేచి, ల్యాప్‌టాప్ ఒకటి, ఫోన్లు రెండు ముందు పెట్టుకుని కూర్చుంటాడు. రాకుమార్తెలు వచ్చి పలకరించే భోజనం బల్లకైతే అరవై రోజుల ముందే. తన పిల్ల అరవై రోజుల తర్వాత మధ్యాహ్నం పన్నెండూ ఇరవైకి ఏం తింటుందో ఆయనకి తెలుసు. ఇవాళ మధ్యాహ్నం ఏం తిన్నదో మాత్రం వాళ్ళావిణ్ణి అడగాలి.

ఆవిణ్ణే అడగాలి, ఎందుకంటే ప్లానింగ్ ఆయనది, మిగతాదంతా ఆవిడది. ఎవరి జ్వరం మందు ఏ సంచిలో ఉంది, సన్‌స్క్రీన్ ఏది, పిల్లాడు పడుకునేటప్పుడు పట్టుకునే చిరుగుల దుప్పటి ఏది, ఇవేవీ ఏ ట్యాబులోనూ లేవు. కిసిమ్మీ ఇంట్లో తెల్లారకముందే రైస్ కుక్కరు కూత పెడుతుంది. అత్తయ్యగారు చింతపండు పిసుకుతారు, కోడలు పోపు పెడుతుంది. ఐదు గదుల ఇల్లు, వెనక ఈతకొలను, చుట్టూ ఇంగువ వాసన. న్యాయంగా ఒక మాట చెప్పాలి. గాజు సీసాలూ, మద్యం, వేడి చెయ్యాల్సిన తిండీ కాకపోతే బయటి భోజనం లోపలికి రానిస్తారు డిస్నీ వాళ్ళు. సిండరెల్లా కోట ముందు స్టీలు డబ్బా మూత తీసి పులిహోర తినొచ్చు, ఎవడూ ఏమీ అనడు. మంచినీళ్ళ సీసాని కూడా గుమ్మంలో లాక్కునే మన మల్టీప్లెక్సులు ఏడ్చి నేర్చుకోవలసిన మర్యాద ఇది.

ఇక ఎత్తుల శాస్త్రం. సెవెన్ డ్వార్ఫ్స్ గనిబండికి 38 అంగుళాలు. స్పేస్ మౌంటెన్‌కి 44. ట్రాన్‌కి 48. ప్రయాణం ఖాయమైన నాటి నుంచి పిల్లాణ్ణి ఆదివారం ఆదివారం గోడకి నిలబెట్టి పెన్సిలు గీత గీస్తారు. పిల్లల డాక్టరు ఎదుగుదల చార్టు చూపిస్తే ఆవులించిన తండ్రి, ముప్పావు అంగుళం తక్కువ పడిందని దిగులుపడి మందం అట్ట బూట్లు కొనుక్కొస్తాడు. నానమ్మ గ్లాసులో ఇంకో చెంచా బూస్టు వేస్తుంది. వాడికేమో ఆ బండి ఎక్కాలని లేదు, చీకటంటే భయం. వాడి అభిప్రాయానికి షీటులో గడి లేదు.

ఎత్తు చాలని పిల్లలున్న ఇంటికి రైడర్ స్విచ్ అనే సదుపాయం కూడా ఉంది. ఒకరు ఎక్కుతుంటే ఒకరు పిల్లలతో బయట ఉంటారు, ఆయన దిగొచ్చాక ఆవిడ ఎక్కుతుంది, మళ్ళీ క్యూ లేకుండా. మంచి ఏర్పాటే, కాదనను. కుటుంబమంతా కలిసి గడపడానికి వేలు పోసి వచ్చిన చోట మొగుడూ పెళ్ళామూ షిఫ్టుల లెక్కన ఆనందిస్తారు, స్ట్రోలరు చేతులు మార్చుకునేటప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆ స్ట్రోలరుకీ కొలతలున్నాయి. వెడల్పు 31 అంగుళాలు, పొడుగు 52 దాటకూడదు. రైడు ముందు వదిలి వెళ్తే, దిగొచ్చేసరికి అక్కడి సిబ్బంది దాన్ని సర్ది ఇంకెక్కడో పెడతారు. తాతయ్య దాన్ని వెతుకుతారు. రోజు మొత్తంలో తాతయ్యగారి వంతు రైడు అదే.

చిన్నదానికి ఎక్కడా ఎత్తు అడ్డం రాని ఎగిరే ఏనుగు డంబో ఉంది కదా అంటారు. ఉంది. ఏనుగు ఎగిరేది ఒకటిన్నర నిమిషం. అక్కడ వరసలో నిలబడలేక పిల్లలు గోల పెడుతున్నారని 2012లో వరసనే గుడారంలా చేసి, లోపల జారుడుబండలూ నిచ్చెనలూ పెట్టారు. ఆడుతూ ఉండండి, మీ వంతు వస్తే ఏనుగెక్కండి. పిల్లలు అక్కడ దూరారంటే రారు. వంతు వస్తుంది, నాన్న కేకలు వేస్తాడు, పిల్ల జారుడుబండ పట్టుకుని ఏడుస్తుంది, లాక్కెళ్ళి ఏనుగులో కూర్చోబెడతారు, ఏడుస్తూనే ఎగురుతుంది. జారుడుబండ వాళ్ళ వీధి చివర పార్కులోనూ ఉంది, దానికి ఏడు గంటల ప్రయాణం అక్కర్లేదు. మిక్కీ దగ్గర ఇంకో రకం. టీవీలో జానెడుండే ఎలుక ఇక్కడ నిలువెత్తు మనిషంత తలకాయ వేసుకుని చేతులు చాస్తే ఏ పసిపిల్ల మాత్రం జడవదు? ఏడుపు ఆగిన అరసెకను ఫోటోలో పడుతుంది. అదే ఆ రాత్రి వాట్సాప్ స్టేటస్. దాని కింద గుంటూరు నుంచి మేనత్త రాస్తుంది, ‘అదృష్టవంతులమ్మా మీ పిల్లలు’ అని. అదృష్టవంతులు అప్పటికి స్ట్రోలర్లో అడ్డం పడి నిద్రపోతుంటారు, పైన బాణసంచా పేలుతుంటుంది. దాన్ని పెద్దవాళ్ళు ఫోన్లు ఎత్తి తీస్తుంటారు, పొద్దున లేచాక పిల్లలకి చూపించడానికి.

‘ఏరా, మొత్తం మీద ఎంతయ్యింది?’ అంటారు తాతయ్య. కొడుకు డాలర్లలో చెప్తాడు. ఆయన మనసులో రూపాయల్లోకి గుణించి, కాసేపాగి, మంచినీళ్ళడుగుతారు.

ఫ్లోరిడా దాకా వచ్చి సముద్రం చూడరా అంటే, అదీ ఉంది. షీటు అడుగున, బూడిదరంగు గడిలో: ‘బీచ్, రెండు గంటలు, వీలైతే.’ చాలాసార్లు వీలుకాదు. ఎందుకంటే డిస్నీ వాళ్ళ దగ్గరే సముద్రం ఉంది. 1989లో తెరిచిన టైఫూన్ లగూన్ అనే నీళ్ళపార్కులో 27 లక్షల గ్యాలన్లకి పైగా నీళ్ళు నింపి, యంత్రంతో ఆరడుగుల అల లేపుతారు. ఒడ్డున ఇసుక పోశారు. టికెట్టు కొని లోపలికెళ్ళి, అల లేచినప్పుడు అరవాలి. అక్కడి నుంచి గంటా గంటన్నర కారు నడిపితే అట్లాంటిక్ మహాసముద్రం వస్తుంది, పేరు కూడా బీచ్‌లైన్ అని పెట్టిన రోడ్డు మీద. దానికి కరెంటు అక్కర్లేదు, అల ఎప్పటి నుంచో వస్తోంది. ఆ ఫ్లోరిడా రాజ్యాంగంలోనే పదో అధికరణంలో ఉంది, సగటు పోటు గీతకి దిగువనున్న తీరం ప్రజలందరి తరఫున రాష్ట్రం ధర్మకర్తగా ఉంచుతుందని. పొడి ఇసుక మీద హోటళ్ళవాళ్ళు గొడుగులు పాతుకోవచ్చు. అల తడిపే ఇసుక ఎవడి బాబుదీ కాదు. ఇంత పెద్ద దేశంలో టికెట్టు లేని చోటు దొరికితే మనవాడికి అనుమానం వస్తుంది. ఊరికే వచ్చేదాంట్లో ఏదో లోపం ఉండే ఉంటుంది.

వీలు దొరికి ఆ తీరాన కోకో బీచ్‌లో దిగిన పిల్లలు ఏం చేస్తారో ప్రపంచంలో ఏ పిల్లలైనా అదే చేస్తారు. గుంట తవ్వుతారు. నీళ్ళొస్తాయి. మళ్ళీ తవ్వుతారు. ఎత్తు కొలిచేవాడు లేడు, పాసు అడిగేవాడు లేడు. కేప్ కెనావెరల్ పక్కనే కాబట్టి రోజు కలిసొస్తే రాకెట్టు లేవడం కూడా కనిపిస్తుంది, దానికీ టికెట్టు లేదు. పెట్టిన నిబంధన ఏదైనా ఉందంటే అది మనుషుల కోసం కాదు. మార్చి నుంచి అక్టోబరు దాకా సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఆ ఒడ్డుకి వస్తాయి. తవ్విన గుంట పూడ్చి వెళ్ళండి, రాత్రి లైట్లు ఆర్పండి, అంతే. గుంట ఎందుకు పూడ్చాలో నాలుగేళ్ళవాడికి చెప్తే ఒక్కసారికే అర్థమవుతుంది. మల్టీ పాస్‌కీ సింగిల్ పాస్‌కీ తేడా వాళ్ళ తాతయ్యకి నాలుగుసార్లు చెప్పినా కాలేదు.

నిజంగా ప్లాను అవసరమైన చోటు కూడా ఇదే. ఒడ్డునుంచి లోపలికి లాగే రిప్ కరెంటు ఉంటుంది, బాగా ఈదేవాణ్ణి కూడా తీసుకుపోతుంది. దాంట్లో పడితే ఎదురీదకుండా ఒడ్డుకి సమాంతరంగా ఈది తప్పుకోవాలి. లైఫ్‌గార్డు ఉన్నచోటే నీళ్ళలో దిగాలి. ఎర్ర జెండా అంటే ప్రమాదం. ఊదా జెండా అంటే జెల్లీఫిష్ లాంటివి ఉన్నట్టు. ఎండాకాలం మధ్యాహ్నం ఉరుము వినబడితే పిల్లల్ని తీసుకుని లోపలికెళ్ళాలి. ట్యాబు మీద ట్యాబు పెట్టి ఏ రైడు మలుపులో ఏ వరస తొందరగా కదులుతుందో రాసుకున్న తండ్రి వీటిలో ఒక్కటీ రాసుకోలేదు. ఊదా జెండా చూసి ‘బాగుంది కదా’ అని దాని పక్కన నిలబెట్టి ఫోటో తీశాడు. యాప్‌లో లేనిది ప్రమాదం ఎలా అవుతుంది?

రెండు గంటలూ ఐదు గంటలవుతాయి. నానమ్మ చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టి మోకాళ్ళదాకా దిగి, మనవరాలితో పాటు అరుస్తుంది. ఎవరూ ఎవర్నీ తొందరపెట్టరు. ఆ ఒడ్డుకి ఉత్తరాన కెనావెరల్ రేవుంది. సాయంత్రం వేళ అందులోంచి నల్లటి ఓడ ఒకటి బయల్దేరుతుంది, ఎర్రటి పొగగొట్టాల మీద అదే ఎలుక చెవులు. బహమాస్‌లో ఒక దీవిని 1997లో తొంభై తొమ్మిదేళ్ళకి లీజుకి తీసుకుని, క్యాస్టవే కే అని పేరు పెట్టి, జనాన్ని అక్కడికి తీసుకెళ్ళే ఓడల్లో అదొకటి. తొంభై తొమ్మిదేళ్ళ లీజంటే ఏమిటో తెలుగువాడికి వివరించనక్కర్లేదు. ఆ దీవిలో ఉన్నది ఇసుక, అల, గొడుగు. ఓడ పోతూ పోతూ సినిమా పాట బాణీలో హారన్ కొడుతుంది.

గుంటలో ఉన్న పిల్లలు తలెత్తరు. నాన్న ఎత్తుతాడు. ఫోన్ తీసి, వేలితో నాలుగు గీతలు గీసి, వాళ్ళావిడ వైపు తిరుగుతాడు.

‘ఇందులో తిండి కూడా కలిపేనట. లెక్కేస్తే ఇదే చవక. చంటిదానికి మూడు నిండకముందే చూసుకోవాల్సింది.’